బెయిల్ రానివాళ్లకే శిక్ష ఎక్కువ పడుతోందా? పట్టిక చూసి తేల్చేముందు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: లా డిగ్రీ పూర్తిచేసి ఎకనామిక్స్ పీజీలో చేరారు. కొన్ని వేల క్రిమినల్ కేసుల వివరాలు పోగుచేసి పట్టిక వేశారు. బెయిల్ మీద బయటున్న నిందితుల్లో చాలామందిపై కేసు వీగిపోయింది. విచారణ పూర్తయ్యేదాకా జైల్లోనే ఉన్నవాళ్లలో ఎక్కువమందికి శిక్ష పడింది. దాంతో బెయిల్ నిరాకరించడమే శిక్షకు దారితీస్తోందని థీసిస్ రాద్దామనుకున్నారు. ఇది నిలబడదని గైడ్ అన్నారు. కోర్టులో జరిగేది అసలు అంకెలకే అందదని లాయర్లయిన మీ సీనియర్లు అన్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

గైడ్ మాట వినండి. సీనియర్ల మాటలో మాత్రం ఒక ముక్క మనసులో పెట్టుకోండి, దాని సంగతి కిందికొచ్చాక చెప్తాను. నేను దాదాపు ఇరవై ఏళ్లుగా కోర్టు రికార్డులతోనే పనిచేస్తున్నాను. మీరు పట్టుకున్న ప్రశ్న పెద్దది, మనుషుల జీవితాలతో ముడిపడినది. తొందరపడి దాన్ని పాడుచేసుకోకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

బెయిల్ ఇచ్చేముందు జడ్జి ఫైలు చూస్తారు. సాక్ష్యం గట్టిగా ఉందా, పాత కేసులున్నాయా, వదిలితే పారిపోతాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా అని ఆలోచిస్తారు. వేటిని చూసి బెయిల్ కాదంటారో, రేపు శిక్ష పడటానికి కూడా దాదాపు అవే కారణమవుతాయి. అంటే మీ పట్టికలో రెండు వరుసల్లో ఉన్నవాళ్లు మొదటి రోజు నుంచే వేరు. పాత కేసుల సంఖ్య, సెక్షన్లు, వయసు అన్నీ కంట్రోల్ చేశానని, అంటే అవి ఒకేలా ఉన్నవాళ్లనే పోల్చానని, మీరు రాశారు. మంచిదే, కానీ జడ్జి కంటికి కనబడినవన్నీ మీ ఎక్సెల్ షీటులోకి రాలేదు కదా. బెయిల్ విచారణకు ఇంటి నుంచి ఎవరైనా వచ్చారా, ప్రాసిక్యూటర్ గట్టిగా వ్యతిరేకించారా, ఏదో మాటగా అభ్యంతరం చెప్పి కూర్చున్నారా, ఇవి ఏ కాలమ్‌లోనూ ఉండవు. రిగ్రెషన్‌లో, అంటే ఒక్కో అంశం ప్రభావాన్ని విడదీసి చూసే లెక్కలో, ఇంకో పది కాలమ్‌లు చేర్చినా ఈ లోటు పూడదు.

మనకు కావలసింది ఒకే ఒక్క జవాబు: అదే మనిషికి, అదే కేసులో, బెయిల్ వచ్చుంటే ఏమయ్యేది? ఆ రెండో దారి ఎవరికీ కనబడదు. నేరం మీద, చట్టం మీద పనిచేసే ఎకనామిస్టులు గత ముప్పై ఏళ్లుగా చేస్తున్నదల్లా ఆ కనబడని దారిని నమ్మకంగా అంచనా వేసే చోట్లు వెతకడమే. అలాంటి చోటు ఎక్కడ దొరుకుతుందంటే, మనిషి నిర్ణయంలోకి అదృష్టం చొరబడిన చోట.

మీ ప్రశ్న విషయంలోనే చూడండి. 2018లో విల్ డాబీ, జేకబ్ గోల్డిన్, క్రిస్టల్ యాంగ్ అనే ముగ్గురు ఫిలడెల్ఫియా, మయామీ-డేడ్ కోర్టుల మీద చేసిన పని వెలువడింది. అక్కడ బెయిల్ విచారణలు జడ్జీలు వంతులవారీగా చూస్తారు. ఎవరి వంతులో మీరు అరెస్టయితే వాళ్ల ముందుకే వెళ్తారు. జడ్జీలందరూ ఒకేలా ఉండరు. ఒకరు చాలామందిని వదిలేస్తారు, ఇంకొకరు కొందరినే వదులుతారు. ఒకేలాంటి కేసులున్న ఇద్దరు నిందితుల్లో ఒకరు మెత్తటి జడ్జి ముందు, ఇంకొకరు కఠినమైన జడ్జి ముందు పడ్డారంటే అందులో వాళ్ల ప్రమేయం ఏమీ లేదు. డాక్టర్లు చీటీలు తీసి కొందరికి మందు, కొందరికి ఉత్తి మాత్ర ఇచ్చినట్టే ఇది కూడా. ఇక్కడ చీటీ తీసింది రోస్టర్ (జడ్జీల వంతుల పట్టిక), అంతే తేడా.

వాళ్లకు తేలింది మీ పట్టిక చెప్పిన దిశలోనే ఉంది. బెయిల్ మీద బయటికొస్తే దోషిగా తేలే అవకాశం సుమారు 14 శాతం పాయింట్లు తగ్గింది. ఎందుకు తగ్గిందన్నది ఇంకా ముఖ్యం. నేరం ఒప్పుకునేవాళ్లు తగ్గడమే ప్రధాన కారణం. లోపల ఉన్న మనిషి కోణం నుంచి ఆలోచించండి: ఒప్పుకుంటే ఇప్పటిదాకా గడిపిన రోజుల్నే శిక్షగా లెక్కేసి ఇంటికి పంపేస్తారు, ఒప్పుకోకపోతే విచారణ అయ్యేదాకా లోపలే ఉండాలి. బయటున్నవాడికి ఆ ఒత్తిడి లేదు. పైగా బయటున్నవాళ్లకు తర్వాత సక్రమమైన ఉద్యోగాలు దొరకడం కూడా ఎక్కువైంది. మళ్లీ నేరం చేయడంలో మాత్రం మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎందుకంటే లోపల ఉన్నన్నాళ్లు నేరాలు ఆగుతాయి, కానీ బయటికొచ్చాక పెరుగుతాయి, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

అంటే మీ ఊహే నిజమైంది కదా అంటారేమో. దిశ కలిసింది. కానీ ఆ ఫలితం ఎవరికి వర్తిస్తుందో గమనించండి. ఏ జడ్జి అయినా వదిలేసే చిల్లర కేసులు, ఏ జడ్జీ వదలని ఘోరమైన కేసులు ఈ లెక్కలోకి రావు. ఒక జడ్జి వదిలి, ఇంకో జడ్జి వదలని నడిమి కేసులు, గట్టు మీదున్నవాళ్లు, వాళ్ల గురించే ఈ పద్ధతి మాట్లాడుతుంది. విధానం మార్చాలంటే మనం తెలుసుకోవాల్సింది కూడా చాలావరకు వాళ్ల గురించే.

ఒక్కో జడ్జి మెత్తదనాన్ని లెక్కేసే తీరు తేలికే. మీ నిందితుడి కేసును పక్కనపెట్టి, ఆ జడ్జి చూసిన మిగతా కేసులన్నిట్లో ఎంతమందికి బెయిల్ ఇచ్చారో చూస్తారు. అదే కేసును కలిపి లెక్కేస్తే జవాబును ప్రశ్నలో కలిపేసినట్టవుతుంది. తర్వాత మెత్తటి జడ్జీల దగ్గరికి వెళ్లినవాళ్లు, కఠినమైన జడ్జీల దగ్గరికి వెళ్లినవాళ్లు వయసులో, పాత కేసుల్లో, ఆరోపణల తీవ్రతలో సమానంగా ఉన్నారా అని సరిచూస్తారు. ఉండకపోతే అక్కడే ఆగిపోవాలి. బెయిల్ చూసిన జడ్జే తర్వాత విచారణ కూడా చేస్తే ఇంకో ఇబ్బంది వస్తుంది. శిక్ష పడింది బెయిల్ రానందుకా, జడ్జి కఠినత్వం వల్లా అన్నది విడదీయలేం. మీ కోర్టుల్లో ఇది ఎలా జరుగుతుందో మీరు ప్రశ్నలో రాయలేదు, ముందు అది తెలుసుకోండి.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక ట్రయల్ కోర్టు రికార్డుల మీద ఇలాంటి అధ్యయనమే మొదలుపెట్టాను. కేసులు ఏ జడ్జికి వెళ్లాలో కంప్యూటరే నిర్ణయిస్తుందని ఆఫీసులో చెప్పారు. ఏడాదిపాటు డేటా శుభ్రం చేసుకున్నాను. సమానత్వం సరిచూసేసరికి ఒక జడ్జి దగ్గరికి వెళ్లిన నిందితుల్లో పేరున్న ప్రైవేటు లాయర్లు పెట్టుకున్నవాళ్లు చాలా ఎక్కువగా ఉన్నారు. ఎందుకో అర్థంకాక ఫైలింగ్ కౌంటర్ దగ్గర రెండు రోజులు కూర్చున్నాను. రెండో రోజు మధ్యాహ్నం కనబడింది. కౌంటర్ మీద పిటిషన్ల కట్ట, పక్కన ఆ రోజు ఏ జడ్జి సెలవులో ఉన్నారో రాసిన చిన్న కాగితం. ఒక లాయర్ వచ్చి కాగితం వైపు చూసి, "సార్ రేపొస్తారా? అయితే మాది రేపే పెట్టండి" అని పిటిషన్ వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు. అందులో తప్పేమీ లేదు, తన క్లయింటుకు మేలు చేసుకుంటున్నాడు. కంప్యూటర్ కూడా తన పని తాను సరిగ్గానే చేస్తోంది. కానీ ఏ రోజు ఫైల్ చేయాలో ఎంచుకునే వీలు కొందరికే ఉంది, ఆ ఎంపికతో నా అదృష్టం లెక్క చెడిపోయింది.

డేటాలో సగానికి పైగా వదిలేశాను. సెలవు రోజుల్లో అరెస్టయి, డ్యూటీ జడ్జి ముందు హాజరుపరచిన కేసులు మాత్రమే ఉంచుకున్నాను. ఆ డ్యూటీ రోస్టర్ నెలల ముందే వేసేస్తారు, అరెస్టయినవాళ్లకు రోజును ఎంచుకునే వీలు లేదు. అధ్యయనం చిన్నదైపోయింది, కానీ నిలబడింది.

అదృష్టమనుకున్నది అదృష్టం కాకపోవడమనే ఇదే లోటు ప్రపంచమంతా చెప్పుకున్న ఒక పరిశోధనలోనూ ఉంది. 2011లో ఇజ్రాయెల్‌లో పెరోల్ (శిక్ష పూర్తికాకముందే విడుదల) విచారణలపై ఒక వ్యాసం వచ్చింది. 8 మంది జడ్జీలు ఇచ్చిన 1,112 నిర్ణయాలు చూశారు. విరామం తర్వాత మొదట్లో సుమారు 65 శాతం మందికి అనుకూలంగా తీర్పులు వస్తే, తర్వాతి విరామం దగ్గరపడేకొద్దీ అది దాదాపు సున్నాకు పడిపోయింది. జడ్జికి ఆకలేస్తే ఖైదీకి విడుదల లేదన్న కథ అందరికీ నచ్చేసింది. అదే ఏడాది కేరెన్ వైన్‌షాల్-మార్గెల్, జాన్ షాపర్డ్ ఒక చిన్న జవాబు రాశారు. విచారణలు ఏ వరసలో పిలుస్తారని ఆ గదుల్లో పనిచేసేవాళ్లనే అడిగారు. ఒక జైలు కేసులన్నీ ముగించాకే విరామం తీసుకునే ప్రయత్నం చేస్తారని, లాయర్ లేని ఖైదీల్ని మామూలుగా చివర్లో పిలుస్తారని తేలింది. లాయర్ లేనివాళ్లకు అనుకూల తీర్పులు ఎలాగూ తక్కువ. చివరికి వచ్చేసరికి శాతం పడిపోవడానికి ఆకలే కారణమని ఇక గట్టిగా అనలేం. మీ సీనియర్ల మాటలో మనసులో పెట్టుకోమన్న ముక్క ఇదే. కోర్టు నడిచే తీరు తెలియనివాళ్ల చేతిలో అంకెలు తప్పుదారి పట్టిస్తాయి. లా చదివిన మీకు ఆ తీరు తెలుసు. అది మీకున్న బలం.

అదృష్టం జడ్జి రోస్టర్‌లోనే ఉండాలని లేదు. పోలీసులు ఎక్కువున్నచోట నేరాలూ ఎక్కువ ఉంటాయి, ఏ నగరం డేటా తీసినా దాదాపు ఇదే కనబడుతుంది. నేరాలున్నచోటికే పోలీసుల్ని పంపుతారు కాబట్టి అలా ఉంటుంది. మరి పోలీసుల వల్ల నేరాలు తగ్గుతాయా లేదా అని ఎలా తెలుసుకోవాలి? 1994 జులై 18న బ్యూనస్ ఎయిర్స్‌లో యూదుల కేంద్రం మీద బాంబు దాడి జరిగి 85 మంది చనిపోయారు. ఆ తర్వాత నగరంలో యూదుల సంస్థలున్న ప్రతిచోటా ఇరవై నాలుగు గంటలూ పోలీసుల్ని నిలబెట్టారు. ఆ సంస్థలు ఏ వీధిలో ఉన్నాయన్నదానికీ అక్కడ కార్ల దొంగతనాలకీ ఏ సంబంధమూ లేదు. రఫాయెల్ డి తెల్లా, ఎర్నెస్తో షార్‌గ్రోద్‌స్కీ 2004లో ఈ లెక్క తేల్చారు. పోలీసులు నిలబడ్డ బ్లాకులో కార్ల దొంగతనాలు సుమారు 75 శాతం తగ్గాయి, ఒకటి రెండు బ్లాకుల దూరంలోనే ఆ ప్రభావం కనబడలేదు. నాకు ఈ రెండో ముక్క మొదటిదానికంటే విలువైనదిగా అనిపిస్తుంది. ఒకేచోట కదలకుండా నిలబడ్డ పోలీసు ఎంతవరకు కాపాడగలడో అది కొలిచి చెప్పింది.

శిక్ష ఎంత పెద్దదన్నదానికంటే పట్టుబడతామన్న భయమే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. 1968లో ఎకనామిస్టు గారీ బెకర్ నేరాన్ని లాభనష్టాల లెక్కగా చూపించిన వ్యాసంలో పట్టుబడే అవకాశం, శిక్ష తీవ్రత రెండూ ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన ఆధారాలు మొదటిదాని వైపే ఎక్కువ మొగ్గాయి. ఫ్లోరిడాలో 18 ఏళ్లు నిండగానే శిక్షలు ఒక్కసారిగా కఠినమవుతాయి. డేవిడ్ లీ, జస్టిన్ మెక్రేరీ చూస్తే ఆ పుట్టినరోజు దగ్గర నేరాలు తగ్గింది చాలా స్వల్పం. ఇటు న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తలు పార్కింగ్ జరిమానాలు కట్టకుండా అయిదేళ్లలో లక్షన్నర టికెట్లు పోగేశారు. 2002 అక్టోబర్‌లో బాకీలున్న వాళ్ల కార్లకు దౌత్య నంబరు ప్లేట్లు తీసేయడం మొదలుపెట్టగానే ఉల్లంఘనలు దాదాపు 98 శాతం పడిపోయాయి. కానీ దీన్ని సూత్రంలా పట్టుకోవద్దు. ఇటలీలో 2006 సామూహిక క్షమాభిక్షలో విడుదలైనవాళ్లు అయిదేళ్లలోపు మళ్లీ నేరం చేస్తే మిగిలిపోయిన పాత శిక్ష కూడా అనుభవించాలన్నారు. పాత శిక్ష ఎక్కువ మిగిలినవాళ్లు మళ్లీ నేరం చేయడం తక్కువగా ఉంది. అంటే తీవ్రత కూడా పనిచేస్తుంది, అది ఆ మనిషికి ముందే స్పష్టంగా తెలిసినప్పుడు.

కొన్ని ప్రశ్నలకు జవాబు రాదు, అది ఒప్పుకోవాలి. 1975లో ఎకనామిస్టు ఐజాక్ ఎర్లిక్ ఒక్కో మరణశిక్ష అమలు వల్ల ఏడెనిమిది హత్యలు ఆగుతాయని లెక్కగట్టారు. ఆ అంకె కోర్టుల్లో వాదనలదాకా వెళ్లింది. దశాబ్దాల వాదోపవాదాల తర్వాత 2012లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించింది. మరణశిక్ష హత్యల్ని పెంచుతుందో, తగ్గిస్తుందో, ఏమీ చేయదో చెప్పడానికి అవి పనికిరావని తేల్చింది. మరణశిక్షను వ్యతిరేకించేవాళ్లు దీన్ని తమ గెలుపుగా చెప్పుకున్నా తప్పే. తెలియదన్నదే దాని అర్థం.

ఇక డేటా గురించి. నేరాల సంఖ్య అంటే జరిగిన నేరాల సంఖ్య కాదు, ఎవరో ఒకరు వచ్చి చెప్పగా ఇంకెవరో రాసుకున్న సంఖ్య. మన దేశంలో 1993 రాజ్యాంగ సవరణ తర్వాత స్థానిక సంస్థల్లో మహిళలకు రిజర్వేషన్ ఒక్కో రాష్ట్రంలో ఒక్కో ఏడాది అమల్లోకి వచ్చింది. లక్ష్మీ అయ్యర్, అనంది మణి, ప్రాచీ మిశ్రా, పెటియా తొపాలోవా 2012లో చూపించినదాని ప్రకారం, రిజర్వేషన్ వచ్చాక మహిళలపై నమోదైన నేరాలు 46 శాతం పెరిగాయి. పైపైన చూస్తే ఘోరం. లోతుగా చూస్తే నేరాలు పెరిగిన గుర్తులు లేవు. పెరిగింది ఫిర్యాదు చేసే ధైర్యం, రాసుకునే పోలీసుల తీరు. కాబట్టి ఏ అంకె పెరిగినా, తగ్గినా, ఆ అంకెను ఎవరు ఎక్కడ కూర్చుని రాశారో ముందు కనుక్కోండి.

ఇది నాకు ఒక ఫైలు నేర్పింది. నా షీటులో ఆ కేసు ఒక వరుస, అందులో "నిర్బంధం: 412 రోజులు" అని ఒక గడి. కఠినమైన జడ్జి అయ్యుంటారనుకున్నాను. రికార్డు గదిలో అసలు ఫైలు తెరిచి వాయిదాల కాగితం చదివాను. వరసగా ఒకే మాట, రకరకాల చేతిరాతల్లో: "ఎస్కార్టు లేనందున నిందితుణ్ణి హాజరుపరచలేదు. వాయిదా." ఒకచోట ఇంకు అయిపోయి సగం మాట నీలం, సగం మాట నలుపు. అది చిన్న దొంగతనం కేసు. జడ్జి అతన్ని లోపల ఉంచాలని ప్రత్యేకంగా నిర్ణయించిందేమీ లేదు. జైలు నుంచి కోర్టుకు తీసుకొచ్చే పోలీసులు లేక అన్ని రోజులు గడిచిపోయాయి. ఆ రోజు తర్వాత కనీసం వంద ఫైళ్లు చేత్తో చదవకుండా ఏ రిగ్రెషన్ మొదలుపెట్టలేదు. మిమ్మల్ని కూడా అదే బతిమాలుకుంటున్నాను.

మంచి ఉద్దేశంతో చేసిన చట్టాన్నీ ఇలాగే పరీక్షించాలి. పాత నేరాలున్నవాళ్లకు ఉద్యోగాలు దొరకాలని అమెరికాలో చాలాచోట్ల దరఖాస్తు ఫారంలో "మీపై నేరం రుజువైందా" అన్న గడి తీసేయించారు. అమాండా అగాన్, సోంజా స్టార్ న్యూజెర్సీ రాష్ట్రంలో, న్యూయార్క్ నగరంలో దాదాపు 15,000 కల్పిత దరఖాస్తులు పంపి చూశారు. గడి ఉన్న కంపెనీల్లో, చట్టానికి ముందు తెల్లవాళ్లకు నల్లవాళ్లకంటే 7 శాతం ఎక్కువ పిలుపులు వచ్చేవి. గడి తీసేశాక ఆ తేడా 43 శాతానికి చేరింది. సమాచారం కనబడనప్పుడు యజమానులు పేరు చూసి ఊహించుకోవడం మొదలుపెట్టారు. ఆ చట్టం కోసం పోరాడినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది, అందుకే ఈ ఫలితం వాళ్లకు తెలియాలని కోరుకుంటాను.

ఒకచోట తేలింది ఇంకోచోటికి మోసుకెళ్లేటప్పుడు కూడా జాగ్రత్త. షికాగోలో బాల నేరస్తుల్ని నిర్బంధిస్తే చదువు ఆగిపోయి, పెద్దయ్యాక మళ్లీ జైలుకెళ్లే అవకాశం పెరిగిందని అన్నా ఐజర్, జోసెఫ్ డోయల్ 2015లో తేల్చారు. నార్వేలో జైలుకెళ్లినవాళ్లు మళ్లీ నేరం చేయడం బాగా తగ్గిందని, ముఖ్యంగా అంతకుముందు పనిలేనివాళ్లలో తగ్గిందని మనుదీప్ భుల్లర్ బృందం 2020లో తేల్చింది. రెండు చోట్లా వాడింది జడ్జీల అదృష్టాన్నే. రెండూ నమ్మదగినవే. షికాగోలో నిర్బంధించింది పిల్లల్ని, నార్వేలో జైలుకెళ్లింది పెద్దవాళ్లు. పైగా నార్వే జైలు పని నేర్పి ఉద్యోగం వైపు పంపుతుంది. పేరొకటే అయినా రెండు చోట్లా జరిగేది వేరు.

మీరిప్పుడు చేయాల్సింది చెప్తాను. రిగ్రెషన్ పక్కనపెట్టి కోర్టుకు వెళ్లండి. బెయిల్ పిటిషన్ కౌంటర్ నుంచి జడ్జి బల్ల మీదికి ఏ దారిన వెళ్తుందో, మధ్యలో ఎవరెవరి చేతులు పడతాయో రాసుకోండి. రోస్టర్ ఎవరు వేస్తారో, ఎన్ని నెలలకోసారి మారుతుందో అడగండి. జడ్జీలు పది మందికి తగ్గితే, ఒక్కొక్కరికి కొన్ని వందల కేసులు లేకపోతే, ఈ పద్ధతి మీకు కుదరదు. అప్పుడు బెయిల్ నిబంధన మారిన తేదీ ఏదైనా ఉందేమో చూడాలి, ఆ తేదీకి కొంచెం ముందు అరెస్టయినవాళ్లను, కొంచెం తర్వాత అరెస్టయినవాళ్లను పోల్చవచ్చు. కోడ్ మొదటి రోజు నుంచీ ఇంకొకరు చదవగలిగేలా రాయండి. పోలీసుల సంఖ్యపై స్టీవెన్ లెవిట్ 1997లో వేసిన పేరున్న వ్యాసంలో లెక్క పొరపాటు ఉందని 2002లో జస్టిన్ మెక్రేరీ చూపించగలిగారంటే, ఆ లెక్కను ఇంకొకరు మళ్లీ చేసి చూసే వీలుండటం వల్లే.

థీసిస్ పేరు కూడా మార్చండి. "బెయిల్ నిరాకరణ శిక్షకు దారితీస్తోందా" అన్నది పెద్ద మాట. "సెలవు రోజుల్లో డ్యూటీ జడ్జి ముందుకొచ్చిన, ఇటో అటో తేలని కేసుల్లో బెయిల్ ప్రభావం" అన్నది మీరు నిజంగా జవాబు చెప్పగలిగే ప్రశ్న. రోస్టర్ ఎన్నేళ్లది దొరికిందో, అందులో ఎంతమంది జడ్జీలున్నారో, వాళ్లే తర్వాత విచారణ కూడా చేస్తారో లేదో ఇక్కడ రాయండి. ఆ మూడూ తెలిస్తే మీ డేటా సరిపోతుందో లేదో కూర్చుని లెక్కేసి చెప్తాను.